పిడికెడు వీడియో, గంపెడు గిఫ్

ఈ నెల మా శీర్షికకు చెన్నై పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలా వాటి సారాంశం ఒకటే: ఫోన్‌లో తీసిన, లేదా ఎవరో పంపిన చిన్న వీడియో ముక్కను ఆగకుండా తిరుగుతూ ఉండే గిఫ్ బొమ్మగా మార్చడం ఎలా, మార్చినప్పుడు వచ్చే చిక్కులను తీర్చుకోవడం ఎలా అని. అందుచేత ఈసారి శీర్షిక అంతటినీ ఆ విషయానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను.

ప్రశ్న: పిల్లలకు కూచిపూడి నేర్పుతున్నాను. ఒక్కొక్క అడుగును వాళ్లు ఇంటి దగ్గర మళ్లీ మళ్లీ చూసుకోవడానికి వీలుగా, వాట్సాప్‌లో ఉన్న పది సెకన్ల వీడియోను గిఫ్‌గా మార్చాను. వీడియో 2 ఎంబీ కూడా లేదు. గిఫ్ 40 ఎంబీ దాటింది. శబ్దం కూడా పోయింది కదా, తగ్గవలసింది పోయి పెరగడమేమిటండీ?
— ఒక నాట్య గురువు, మైలాపూరు

జవాబు: మీ వీడియో అంత చిన్నదిగా ఉండటానికి కారణం, అందులోని ఫ్రేములలో చాలా భాగం పూర్తి బొమ్మలు కాకపోవడమే. నేటి ఫోన్లు వాడే హెచ్.264, హెచ్.265 పద్ధతులలో పూర్తి చిత్రం అప్పుడప్పుడు ఒకటి మాత్రమే నిల్వ అవుతుంది. మధ్యలో వచ్చే ఫ్రేములలో ఉండేవి, ఫలానా భాగం వెనుకటి ఫ్రేములో ఫలానా చోట ఉన్నదే, ఇంత పక్కకు జరిగింది, జరిగాక ఇంత తేడా మిగిలింది అనే సూచనలు. మీరు చెయ్యి చాచినప్పుడు ఆ చేతిని వీడియో మళ్లీ గీయదు, జరుపుతుంది. వెనుక ఉన్న గోడకు దాదాపు ఏమీ ఖర్చు పెట్టదు. పైగా మన కన్ను వెలుగునీడలను గుర్తించినంత సూక్ష్మంగా రంగును గుర్తించలేదు కనుక, సాధారణంగా నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు వివరాన్ని దాచుకుంటుంది.

గిఫ్‌కు ఈ తెలివి ఏదీ లేదు. 1987లో కంప్యూసర్వ్ సంస్థ, టెలిఫోన్ తీగల మీదుగా బొమ్మలు పంపుకోవడానికి దీనిని రూపొందించింది. ఒక్కొక్క ఫ్రేము తెరపై ఎంతసేపు నిలవాలో చెప్పే ఏర్పాటు 1989 నాటి సవరణలో వచ్చింది. ఇందులో ప్రతి పిక్సెల్‌కూ, 256 రంగుల పట్టికలో దాని రంగు ఏదో చెప్పే 0 నుంచి 255 వరకు ఒక సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్యల వరుసను ఎల్‌జడ్‌డబ్ల్యూ అనే పద్ధతి కుదిస్తుంది. ఈ పద్ధతి వరుసలో మళ్లీ మళ్లీ వచ్చే సంఖ్యల గుంపులను 4096 పద్దుల నిఘంటువులో రాసుకుంటూ పోతుంది. ఒకే రంగు పొడవుగా సాగితే బాగా కుదిస్తుంది, పిక్సెల్ పిక్సెల్‌కూ రంగు మారిపోతే చేతులెత్తేస్తుంది. కదలిక అనే భావనే దానికి తెలియదు. ఒక ఫ్రేముకూ మరొక ఫ్రేముకూ మధ్య అది చేయగలిగిన పొదుపల్లా, మారని పిక్సెళ్లను పారదర్శకంగా వదిలివేయడం, మారిన మేరకు ఒక దీర్ఘచతురస్రాన్ని మాత్రమే రాసుకోవడం, అంతే.

ఇప్పుడు లెక్క చూడండి. 1280×720 కొలతలో, సెకనుకు 30 ఫ్రేముల చొప్పున పది సెకన్ల వీడియో అంటే 300 ఫ్రేములు, మొత్తం 27,64,80,000 పిక్సెళ్లు. పిక్సెల్‌కు ఒక బైటు చొప్పున 276 ఎంబీ. దానిని 40కి తెచ్చిందంటే ఎల్‌జడ్‌డబ్ల్యూ తన శక్తి మేరకు బాగానే పని చేసిందని ఒప్పుకోవాలి.

అసలు చిక్కు మరొకటి ఉంది, దానిని గమనించేవారు తక్కువ. మీ వెనుక ఉన్న గోడ కదలదు కదా, ఆ భాగమైనా పారదర్శకంగా మిగలాలి కదా అనిపిస్తుంది. కానీ కుదింపుకు గురైన వీడియోను విప్పినప్పుడు ఆ గోడ పిక్సెళ్ల విలువలు ఫ్రేము ఫ్రేముకూ రవంత మారుతూనే ఉంటాయి. పూర్తి చిత్రం వచ్చిన ప్రతిసారీ గోడ అంతా ఒక్కసారి ఉలిక్కిపడినట్లు మారుతుంది కూడా. మన కంటికి ఆనని ఆ తేడా, 256 రంగులలోకి సర్దేటప్పుడు ఒక రంగు నుంచి పక్క రంగుకు గెంతుగా మారుతుంది, గోడ కూడా కదిలిందని గిఫ్ నమ్ముతుంది. వాట్సాప్ వీడియోను మరింత గట్టిగా కుదిస్తుంది కనుక ఈ అనవసరపు మార్పులు, అంటే బొమ్మలోని రొద, ఇంకా ఎక్కువ. అందుచేత గిఫ్‌ను ఎప్పుడూ ఫోన్‌లోని అసలు ఫైలు నుంచే చేయండి. వేరొకరి దగ్గర ఉంటే దానిని వీడియోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు అది కుదింపు లేకుండా వస్తుంది.

తరువాత చేయవలసినది కోత. ఒక అడుగు ఆవృత్తి మొత్తం మూడు సెకన్లలో ముగిసిపోతుంది, మిగిలిన ఏడు సెకన్లు అనవసరం. ఫ్రేములో మీరున్న భాగాన్ని మాత్రమే ఉంచి, చుట్టూ ఉన్న గదిని కత్తిరించి, 360×480కి తగ్గించి, సెకనుకు పన్నెండున్నర ఫ్రేములు చేస్తే మొత్తం 64 లక్షల పిక్సెళ్లు మిగులుతాయి. ఇది మొదటి లెక్కలో నలభయ్యో వంతు కూడా లేదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రొదను తగ్గించే హెచ్‌క్యూడీఎన్3డీ అనే ఫిల్టరు ఉంది. రంగులను సర్దే ముందు దానిని స్వల్పంగా వాడితే గోడ గోడలాగా నిలుస్తుంది. మరీ ఎక్కువ వాడితే వేళ్ల అంచులు కరిగి ముద్రలు మసకబారుతాయి, మీ పనికి అదే అసలు ప్రాణం కనుక జాగ్రత్త. మళ్లీ తీసే అవకాశం ఉంటే ఫోన్‌ను స్టాండుకు బిగించి, సాదా గోడ ముందు, మంచి వెలుతురులో తీయండి. కిటికీ తెర ఫ్యాను గాలికి ఊగుతూ ఉంటే, ఆ తెర మడతలన్నీ ప్రతి ఫ్రేములోనూ మీ ఎంబీల లెక్కలో పడతాయి.

ప్రశ్న: బట్టల దుకాణంలో పని చేస్తున్నాను. పట్టుచీర కొంగు తిప్పి చూపే గిఫ్‌లు చేయమని యజమాని చెప్పారు. మెరూన్ రంగు మచ్చలు మచ్చలుగా విడిపోతోంది, జరీ మీద చుక్కలు కదులుతున్నాయి. వీడియోలో లేని లోపం గిఫ్‌లో ఎందుకు వస్తోంది?
— ఒక పాఠకుడు, టి.నగర్

జవాబు: వీడియోలో దాదాపు కోటీ అరవై ఏడు లక్షల రంగులకు అవకాశం ఉంది, గిఫ్‌లో ఒక ఫ్రేముకు 256 మించకూడదు. ఆ 256 ఏవి అన్నదే ప్రశ్న. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు మీరేమీ చెప్పకుండా గిఫ్ చేయమంటే, అది అన్ని వీడియోలకూ ఒకటే అయిన స్థిరమైన పట్టికను వాడుతుంది: ఎరుపులో 8 మెట్లు, పచ్చలో 8 మెట్లు, నీలంలో 4 మెట్లు. మీ చీరలో ముదురు మెరూన్ నుంచి లేత మెరూన్ వరకు నలభై ఛాయలున్నా, వాటన్నిటికీ ఆ పట్టికలో దొరికేవి నాలుగో ఐదో రంగులు. చీరలో లేనే లేని ఆకుపచ్చలకూ నీలాలకూ మిగతా చోటంతా వృథాగా పోతుంది.

అందుచేత పని రెండు విడతలుగా జరగాలి. మొదటి విడతలో ప్యాలెట్‌జెన్ అనే ఫిల్టరు మీ క్లిప్ మొత్తాన్ని చదివి, అందులో నిజంగా ఉన్న రంగులతో పట్టిక తయారు చేస్తుంది. రెండవ విడతలో ప్యాలెట్‌యూజ్ అనే ఫిల్టరు ఆ పట్టికతో బొమ్మను గీస్తుంది. ప్యాలెట్‌జెన్ ఒక స్థానాన్ని పారదర్శకతకు అట్టే పెడుతుంది కనుక మీకు దక్కేవి 255 రంగులు. వెనుక భాగం కదలకుండా చీర ఒక్కటే కదిలే క్లిప్‌లకు, స్టాట్స్ మోడ్ అనే ఎంపికను డిఫ్ అని మార్చండి. అప్పుడు కదిలే భాగంలోని రంగులకు పట్టికలో ఎక్కువ చోటు దక్కుతుంది. ఈ ఒక్క మార్పుతోనే చాలామంది సమస్య సగం తీరిపోతుంది.

చుక్కల విషయానికి వస్తే, పట్టికలో లేని రంగును, ఉన్న రెండు రంగుల చుక్కలను పక్కపక్కన పేర్చి కంటిని నమ్మించడాన్ని డిథరింగ్ అంటారు. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ ప్రకటించిన పద్ధతి ప్రతి పిక్సెల్‌లో మిగిలిన పొరపాటును పక్క పిక్సెళ్లకు పంచుతుంది. నిశ్చల చిత్రంలో ఇది చాలా సహజంగా ఉంటుంది. కదిలే బొమ్మలో మాత్రం, ఒక మూల చిన్న మార్పు వచ్చినా ఆ పంపకం అంతా మారిపోయి, చీర మీద చీమలు పాకినట్లు కనిపిస్తుంది. మీరు చూస్తున్నది అదే. బేయర్ పద్ధతి అలా కాదు. చుక్కల అమరిక స్థిరంగా ఒకే గళ్లలో ఉంటుంది కనుక కదలదు, ఎల్‌జడ్‌డబ్ల్యూకు కూడా ఆ క్రమబద్ధత నచ్చి ఫైలు చిన్నదవుతుంది. దగ్గరగా చూస్తే అల్లికలాంటి గళ్లు కనిపించడం దాని లోపం. ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్‌నే వాడదలచుకుంటే, ప్యాలెట్‌యూజ్‌లోని డిఫ్ మోడ్‌ను రెక్టాంగిల్ అని పెట్టండి. పొరపాటు పంపకం మారిన దీర్ఘచతురస్రం వరకే పరిమితమై వెనుక భాగం నిలకడగా ఉంటుంది. గిఫ్‌స్కీ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేముకూ వేరు పట్టిక చేసి, ఫ్రేముల మధ్య కూడా రంగులను కలిపి, గిఫ్‌లో సాధారణంగా చూడని నాణ్యతను ఇస్తుంది. దాని ఫైళ్లు బరువుగానే ఉంటాయి.

ఇంకొక సంగతి: కొన్ని కొత్త ఫోన్లలో వీడియో, వెలుగునీడల తేడాను మామూలు కంటే ఎక్కువగా పట్టే హెచ్‌డీఆర్ పద్ధతిలో రికార్డు అవుతుంది. దానిని, ఆ వెలుగును మామూలు తెర హద్దులోకి తెచ్చే టోన్ మ్యాపింగ్ అనే మెట్టు దాటించకుండా నేరుగా గిఫ్ చేస్తే, ఎంత మంచి పట్టిక వాడినా రంగులు సున్నం కలిపినట్లు పాలిపోతాయి. కెమెరా సెట్టింగులలో హెచ్‌డీఆర్‌ను ఆపి తీయడం సులువైన దారి.

ఇవన్నీ చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పాలి. చీర అమ్మకంలో రంగే ప్రధానం. 255 రంగులతో సర్దుకునే పద్ధతిలో చీర రంగును చూపడం కొనేవారికీ మీకూ మంచిది కాదు. రంగుకు ఫోటో పెట్టండి, కొంగు వాలే తీరుకు వీడియో పెట్టండి. గిఫ్‌ను తగ్గింపు ధరల ప్రకటనలకు ఉంచుకోవచ్చని మీ యజమానికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం నాది. లోపం ఎలా వస్తోందో చూపడానికి కంప్యూటర్ తెరను సెకనుకు 60 ఫ్రేముల వేగంతో రికార్డు చేసి గిఫ్ చేస్తాను. వీడియో సరిగానే నడుస్తుంది, గిఫ్ మాత్రం బ్రౌజరులో నత్తనడక నడుస్తుంది. ఏది తప్పు?
— ఒక పాఠకురాలు, షోళింగనల్లూరు

జవాబు: గిఫ్ కాలాన్ని సెకనులో నూరో వంతులుగా కొలుస్తుంది, భిన్నాలు ఒప్పుకోదు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కొక్కటి 1.67 నూరో వంతులు నిలవాలి. అలా రాయడం కుదరదు కనుక కొన్ని ఫ్రేములకు 2, కొన్నిటికి 1 అని పడుతుంది. 2 కంటే తక్కువ విలువ కనిపిస్తే ప్రధాన బ్రౌజర్లన్నీ దానిని నమ్మకుండా 10గా, అంటే సెకనులో పదో వంతుగా లెక్కవేస్తాయి. పరుగెత్తవలసిన ఫ్రేములే అందరికంటే ఎక్కువసేపు నిలబడిపోతాయి, మీ గిఫ్ నత్తనడకకు ఇదే కారణం. నూరును నిశ్శేషంగా భాగించే వేగాలను ఎంచుకోండి: 50, 25, 20, 10. మార్చేటప్పుడు వేగం సంఖ్యను మాత్రం దిద్దకుండా, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని ఎఫ్‌పీఎస్ ఫిల్టరుతో అదనపు ఫ్రేములను తీసేయండి. ఫోన్‌లో తీసిన వీడియోలకు కూడా ఇదే ఫిల్టరు అవసరం, ఎందుకంటే ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని మధ్య మధ్యలో మారుస్తూ ఉంటాయి.

మీ పనికి 10 చాలు. నిజానికి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో గిఫ్ అచ్చంగా సరిపోయే పని మీదే. తెర మీద రంగులు తక్కువ, పెద్ద భాగాలు ఒకే రంగులో ఉంటాయి, మౌస్ బాణం తప్ప చాలాసేపు ఏదీ కదలదు. డిథరింగ్‌ను పూర్తిగా ఆపేయండి. సాదా రంగుల మీద చుక్కలు చల్లడం వల్ల మీకు ఒరిగేది లేదు. తెర మొత్తాన్ని తీసి కుదించే బదులు లోపం కనిపించే కిటికీని మాత్రమే కత్తిరించండి, అప్పుడు అక్షరాలు చదవడానికి వీలుగా ఉంటాయి. ఏమీ మారని రెండు సెకన్లను ఇరవై ఫ్రేములుగా రాయనక్కరలేదు. ప్రతి ఫ్రేముకూ వేరు నిడివి ఇచ్చే వీలు గిఫ్‌లో ఉంది కనుక ఒక్క ఫ్రేమును 200 నూరో వంతులు నిలబెట్టవచ్చు. ఎంపీడెసిమేట్ అనే ఫిల్టరు ఒకేలా ఉన్న ఫ్రేములను ఏరివేస్తుంది. విండోస్‌లో స్క్రీన్‌టుగిఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరను నేరుగా ఫ్రేములుగా పట్టుకుంటుంది, మధ్యలో వీడియో కుదింపు మెట్టే ఉండదు.

ప్రశ్న: గిఫ్ వాడకానికి ఎవరికైనా రుసుము చెల్లించాలని ఎక్కడో చదివాను. నిజమేనా?
— ఒక పాఠకుడు, అన్నానగర్

జవాబు: ఇప్పుడు అక్కరలేదు. ఎల్‌జడ్‌డబ్ల్యూ మీద యూనిసిస్ సంస్థకు పేటెంటు ఉండేది. 1994 చివరలో సాఫ్ట్‌వేర్ తయారీదారుల నుంచి రుసుము కోరడంతో పెద్ద అలజడి రేగి, గిఫ్‌కు బదులుగా పీఎన్‌జీ అనే చిత్ర పద్ధతి పుట్టింది. అమెరికాలో ఆ పేటెంటు 2003 జూన్ 20న ముగిసింది, మిగిలిన దేశాలలో మరుసటి ఏడాది ముగిసింది.

ప్రశ్న: రైల్వేలో పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మా అమ్మాయి పెళ్లి డీవీడీలోంచి తలంబ్రాలు పోసుకునే ఘట్టాన్ని గిఫ్ చేసి మనవలకు పంపాలని కోరిక. మనవడు చేసి ఇచ్చాడు కానీ, చేతులు కదిలిన చోటల్లా అడ్డగీతలు వస్తున్నాయి, అందరి ముఖాలూ కోలగా సాగినట్లున్నాయి.
— ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: రెండూ వేర్వేరు కారణాలు, రెండూ పాత టీవీ పద్ధతి వల్ల వచ్చినవే. మన దేశంలో అప్పటి వీడియో పాల్ పద్ధతిలో ఉండేది. సెకనుకు 25 ఫ్రేములు. అయితే ఒక్కొక్క ఫ్రేములో రెండు సగాలు, సరి గీతలు ఒక క్షణంలో, బేసి గీతలు సెకనులో యాభయ్యో వంతు తరువాత తీసినవి. పాత టీవీ గొట్టం ఆ రెండిటినీ విడివిడిగా చూపేది కనుక తేడా తెలిసేది కాదు. కంప్యూటరు వాటిని ఒకే బొమ్మగా కలిపేసరికి, ఆ యాభయ్యో వంతులో జరిగిన చెయ్యి రెండు చోట్ల పడి దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. దీనికి ఆ రెండు సగాలను విడదీసి సరిచేసే డీఇంటర్లేస్ అనే పని చేయాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో యాడిఫ్ అనే ఫిల్టరు ఆ పని చేస్తుంది. కొలత తగ్గించడానికి ముందే ఇది జరగాలని మీ మనవడికి గట్టిగా చెప్పండి, ఎందుకంటే ముందు తగ్గించి తరువాత డీఇంటర్లేస్ చేస్తే గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఇక విడదీయడానికి కుదరదు.

ముఖాల సంగతి: డీవీడీలో బొమ్మ 720×576గా నిల్వ అవుతుంది, కానీ అందులో పిక్సెళ్లు చతురస్రాలు కావు. పాత టీవీ ఆకారానికి తీసిన వీడియో అయితే 768×576కి, వెడల్పు తెరకు తీసినదైతే 1024×576కి సాగదీసి చూపమని ఫైలులో ఒక సూచన ఉంటుంది. వీడియో ప్లేయరు ఆ సూచనను పాటిస్తుంది. గిఫ్ చూపే సాఫ్ట్‌వేర్లు పాటించవు. కనుక ముందే 4:3 నిష్పత్తిలో, ఉదాహరణకు 400×300కి, కుదించి గిఫ్ చేయాలి. పాత టేపు నుంచి డీవీడీకి ఎక్కించిన వీడియో అయితే బొమ్మ అడుగున చిరిగినట్లుండే గీతలు కొన్ని ఉంటాయి, వాటిని కత్తిరించేయమనండి. తలంబ్రాల బియ్యపు గింజలు మాత్రం గిఫ్‌కు కష్టమే: చిన్నవి, వేగంగా కదిలేవి, ప్రతి ఫ్రేములోనూ కొత్తవి. ఆ ఘట్టానికి 20 ఫ్రేముల వేగం ఉంచి, నిడివిని రెండు సెకన్లకు తగ్గించడం మేలు.

ప్రశ్న: గిఫ్ మీద తెలుగులో పేర్లు వేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. లక్ష్మి అని రాస్తే క పక్కన పొల్లు, ష పక్కన పొల్లు వస్తున్నాయి.
— ఒక పాఠకురాలు, కొడంబాక్కం

జవాబు: ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పాత వెర్షన్లలోని డ్రాటెక్స్ట్ ఫిల్టరు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుతుందే తప్ప, వాటిని గుణింతాలుగా, ఒత్తులుగా కలపదు. ఇంగ్లీషుకు అది చాలు, మనకు చాలదు. సబ్‌టైటిల్స్ ఫిల్టరు ద్వారా వేయండి. అది అక్షరాలను కలిపే హార్ఫ్‌బజ్ అనే భాగాన్ని వాడుకుంటుంది కనుక క్ష్మ క్ష్మగానే వస్తుంది. నోటో శాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంటును ముందుగా కంప్యూటరులో ఉంచుకోవాలి. ఈ తంటా వద్దనుకుంటే, ఏ చిత్రాల సాఫ్ట్‌వేర్‌లోనైనా పేరును పారదర్శకమైన పీఎన్‌జీ బొమ్మగా చేసుకుని వీడియో మీద అతికించవచ్చు.

పని వరుసను మాత్రం తప్పవద్దు. బొమ్మను తగ్గించాక పేరు వేయాలి, పేరు వేశాక పట్టిక తయారు చేయాలి. ముందే పేరు వేసి తరువాత బొమ్మను తగ్గిస్తే తలకట్లు, వట్రసుడులు అలుక్కుపోతాయి. పట్టిక అయ్యాక పేరు వేస్తే ఆ అక్షరాల రంగుకు పట్టికలో చోటు ఉండకపోవచ్చు. లావు అక్షరాలు, తెలుపు మీద నల్లటి అంచు, ఈ జోడీ ఏ రంగు వెనుక భాగం మీదైనా నిలుస్తుంది.

ప్రశ్న: ఇంట్లో పిల్లలకు తెలుగు రాయడం నేర్పుతున్నాం. బడిలో వాళ్లకు తెలుగు లేదు. బలపం ఏ వైపు నుంచి మొదలై ఎటు తిరగాలో చూపే గిఫ్‌లు అక్షరానికొకటి చేయాలని ఉంది. ఫోన్‌తో వీడియో తీసి మార్చమంటారా?
— ఇద్దరు తల్లులు, వేళచ్చేరి

జవాబు: తీయవద్దు. చాలా మంచి ఆలోచన, కానీ వీడియో మెట్టు మీకు అనవసరం. చేతి నీడ, కాగితం మీద వెలుతురు తేడా, కుదింపు రొద, ఇవన్నీ తెచ్చిపెట్టుకుని తరువాత వాటితో పోరాడటమెందుకు? టాబ్లెట్ మీదనో కంప్యూటరు మీదనో అక్షరాన్ని కొద్దికొద్దిగా గీస్తూ, ఒక్కొక్క దశను పీఎన్‌జీ బొమ్మగా దాచి, వాటిని వరుసగా గిఫ్‌లో కూర్చండి. జింప్ అనే ఉచిత చిత్రాల సాఫ్ట్‌వేర్‌లో పొరలుగా పెట్టి ఎగుమతి చేసినా వస్తుంది. నలుపు, తెలుపు, బలపం కొనకు ఎరుపు, మార్గదర్శక గీతకు బూడిద, మొత్తం నాలుగు రంగులు. అంచులు నున్నగా లేకపోయినా ఫరవాలేదనుకుంటే గిఫ్ పట్టికను నాలుగు రంగులకే కుదించవచ్చు, అప్పుడు అక్షరానికి కొన్ని కేబీలు చాలు. అక్షరం పూర్తయిన చివరి ఫ్రేమును రెండు సెకన్ల పాటు నిలపండి, పిల్లలు పలకవైపు చూసి మళ్లీ తెరవైపు చూసేలోపు అది చెరిగిపోకూడదు.

ప్రశ్న: మెరీనాలో అలలు, మా వంటింట్లో కాఫీ, ఇలాంటి చిన్న చిన్న దృశ్యాలను గిఫ్ చేస్తుంటాను. కొన్ని ఒక్కసారి ఆడి ఆగిపోతాయి. ఆడేవి కూడా ముగింపు దగ్గర దభాలున గెంతుతాయి. అతుకు తెలియకుండా తిరగాలంటే?
— ఒక పాఠకుడు, తిరువాన్మియూరు

జవాబు: ఆగిపోవడం చిన్న విషయం. మళ్లీ మళ్లీ తిరగమనే ఆదేశం గిఫ్ మూల నిర్మాణంలో లేదు. 1990ల నడుమ నెట్‌స్కేప్ బ్రౌజరు దానిని అదనపు భాగంగా చేర్చింది, తరువాత అందరూ పాటించారు. అందులో ఎన్నిసార్లు తిరగాలో ఒక సంఖ్య ఉంటుంది, సున్నా అంటే ఎప్పటికీ అని. మీ సాఫ్ట్‌వేర్‌లో లూప్ అనే గడిలో సున్నా ఉందో లేదో చూడండి.

అతుకు సంగతికి సమయం పెట్టాలి. ముందుగా, దృశ్యంలో ఒకే స్థితి రెండుసార్లు వచ్చే చోట్లను వెతకండి. ఊయల, గడియారపు లోలకం, రుబ్బురోలు తిరగడం వంటివాటికి అది సహజంగా దొరుకుతుంది. మొదటి ఫ్రేముకు సరిగ్గా సాటి వచ్చే ఫ్రేముకు ముందు ఫ్రేములో ఆపాలి, సాటి ఫ్రేమును కూడా కలిపితే ఆ స్థితి రెండుసార్లు నిలిచి చిన్న వెక్కిలి వస్తుంది. ఫోన్‌లో త్వరగా కత్తిరించే కొన్ని సాఫ్ట్‌వేర్లు పూర్తి చిత్రం ఉన్న చోటే కోయగలవు, మీరు అడిగిన చోట కాదు. గిఫ్ చేసేటప్పుడు ఎలాగూ ప్రతి ఫ్రేమునూ విప్పుతారు కనుక ఆ కోత కూడా అప్పుడే పెట్టుకుంటే కచ్చితంగా వస్తుంది.

అలలు ఒకసారి వచ్చినట్లు మరోసారి రావు. వాటికి చివరి అర సెకనును మొదటి అర సెకనులోకి కరిగించాలి: చివరిది మసకబారుతూ ఉండగా మొదటిది తేరుకుంటూ వస్తుంది. నురగలో ఆ కలయిక ఎవరికీ తెలియదు. కెమెరా కదిలితే మాత్రం తెలిసిపోతుంది, దిగంతం గీత రెండుగా కనిపిస్తుంది. ఇక ముందుకు ఆడించి వెనక్కు తిప్పే బూమరాంగ్ పద్ధతి అందరికీ ఇష్టమే కానీ, ఫ్రేములు రెట్టింపవుతాయి, పైగా అన్నిటికీ నప్పదు. పొగ కిందికి దిగుతుంది; డబరాలోకి పోసిన కాఫీ తిరిగి గ్లాసులోకి ఎగబాకుతుంది. నవ్వించడానికైతే సరే.

ప్రశ్న: మా తెలుగు సంఘం ఉగాది ఆహ్వానాన్ని కదిలే బొమ్మగా చేసి వాట్సాప్‌లోనూ, ఈమెయిల్‌లోనూ, మా వెబ్‌సైటులోనూ పెట్టాలనుకుంటున్నాం. గిఫ్ చేసే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, వాటిలో చేయవచ్చా? అన్నిటికీ ఒకటే గిఫ్ సరిపోతుందా?
— కార్యదర్శి, ఒక తెలుగు సంఘం

జవాబు: ఆహ్వానం వంటి బహిరంగమైన దానిని అలాంటి వెబ్‌సైట్లలో చేసుకోవడంలో ఇబ్బంది లేదు. ఇంటి వీడియోలను, ముఖ్యంగా పిల్లలున్న వాటిని, ఎవరిదో తెలియని సర్వరుకు ఎక్కించవద్దని మాత్రం సంఘ సభ్యులకు చెప్పండి.

ఒకటే గిఫ్ అన్నిటికీ వద్దు. వాట్సాప్‌లో గిఫ్ అన్న పేరుతో తిరిగేది నిజానికి శబ్దం లేని వీడియోనే. టెలిగ్రామ్‌దీ అదే దారి. వీడియోను గిఫ్ చేసి, ఆ గిఫ్‌ను మళ్లీ వాళ్ల చేత వీడియో చేయిస్తే రెండు కుదింపుల నష్టమూ మీకే. వాట్సాప్‌లో వీడియోనే ఎంచుకుని, కొన్ని సెకన్లకు కత్తిరిస్తే అక్కడే గిఫ్ అనే మీట కనిపిస్తుంది, అది నొక్కి పంపండి. వెబ్‌సైటులో కూడా ఎంపీ4 వీడియోనే పెట్టి, దానికి ఆటోప్లే, లూప్, మ్యూటెడ్, ప్లేస్‌ఇన్‌లైన్ అనే నాలుగు గుణాలు ఇవ్వమని మీ వెబ్‌సైటు చూసే వారికి చెప్పండి. 2016 నుంచి ఫోన్ బ్రౌజర్లు శబ్దం లేని వీడియోను తాకకుండానే ఆడనిస్తున్నాయి. పారదర్శకమైన వెనుక భాగం కావలసిన చోట వెబ్‌పీ అనే చిత్ర పద్ధతిలో కదిలే బొమ్మను వాడవచ్చు, ఇప్పటి ప్రధాన బ్రౌజర్లన్నీ దానిని చూపుతాయి.

గిఫ్ నిజంగా అవసరమయ్యేది ఈమెయిల్‌కే, అక్కడ వీడియోను ఉత్తరం లోపల ఆడించడాన్ని నమ్ముకోలేము. దానికి ఒకటి రెండు ఎంబీలు దాటకుండా చూసుకోండి. మామిడి తోరణం, ఉగాది పచ్చడి గిన్నె వంటి గీసిన బొమ్మలైతే ఆ హద్దులోనే హాయిగా సరిపోతుంది. నిజమైన వీడియో అయితే రెండు సెకన్లకు మించవద్దు. మెరుపులు, మతాబుల వంటివి ఉంటే సెకనుకు మూడుసార్లకు మించి తెర అంతా వెలిగి ఆరకుండా జాగ్రత్త పడండి, కొందరికి దానివల్ల మూర్ఛ రావచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది మొదటి ఫ్రేము. కొన్ని ఆఫీసుల కంప్యూటర్లలో ఇంకా ఉండే అవుట్‌లుక్ అనే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లు, 2007 నుంచి 2016 వరకు వచ్చినవి, గిఫ్‌ను ఆడించవు, మొదటి ఫ్రేము దగ్గరే నిలిపివేస్తాయి. ఖాళీ తెర మీద అక్షరాలు ఒక్కొక్కటిగా విచ్చుకునేలా ఆహ్వానాన్ని అలంకరిస్తే ఆ పాఠకులకు కనిపించేది ఖాళీ తెరే. కనుక తేదీ, వేళ, వేదిక పూర్తిగా ఉన్న ఫ్రేముతోనే గిఫ్‌ను మొదలుపెట్టి, దానిని రెండు సెకన్లు నిలిపి, తోరణం ఊగడం ఆ తరువాత మొదలయ్యేలా చేయండి.